సిలిండర్ హెడ్ గాస్కెట్ మార్పిడి (అంబాసిడర్ కారు)

సిలిండర్ హెడ్ గాస్కెట్ అనునది అంతర్దహన యంత్రములో సిలిండర్ బ్లాకుకు, దానిపై కూర్చుండు సిలిండర్ హెడ్డుకు నడుమ అమర్చబడు పలుచని పలక. మెకానిక్కుల వాడుకలో దీనిని హెడ్ గాస్కెట్ అని పిలుస్తారు. ఇది కాలిపోయినను, చిరిగినను సిలిండర్లలోని వాయువు, చల్లబరచు నీరు, ఇంజను నూనె తమ తమ దారులు వదలి ఒకదానిలో ఒకటి కలియును. గాస్కెట్ ఖరీదు స్వల్పమే అయినను, చెడిన గాస్కెట్ తో కారును నడుపుట వలన ఇంజను మొత్తము పాడగు అవకాశమున్నది. కొత్త గాస్కెట్ వేసిన కొద్ది నెలలకే అది మరల కాలిపోవుట పాత కార్లలో తరచుగా కనిపించును. ఇందుకు గాస్కెట్ నాణ్యత కంటె, మొదట అది చెడుటకు గల కారణమును సరిచేయకపోవుట, హెడ్డు వంకరను కొలవకపోవుట, నట్లను క్రమము తప్పి బిగించుట ఎక్కువగా కారణమగును. ఈ వ్యాసములో 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను గల అంబాసిడర్ కారును ఉదాహరణగా తీసుకొని ఈ పని వివరించబడినది.

ఇంజను నిర్మాణము

హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్ లోని ఉత్తరపారా కర్మాగారములో అంబాసిడర్ కార్లను తయారుచేసినది. ఇంగ్లండుకు చెందిన మోరిస్ ఆక్స్ ఫర్డ్ మూడవ శ్రేణి కారు దీనికి మాతృక. తొలి కార్లలో సైడ్ వాల్వు ఇంజను ఉండెడిది. 1959లో దాని స్థానములో బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-శ్రేణికి చెందిన 1489 ఘ.సెం.మీ. ఓవర్ హెడ్ వాల్వు ఇంజను వచ్చినది. 2014లో ఉత్తరపారాలో అంబాసిడర్ ఉత్పత్తి నిలిచిపోయినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లో ఈ కార్లు దశాబ్దాల పాటు ప్రభుత్వ కార్యాలయాల వాహనాలుగా, టాక్సీలుగా తిరిగినవి.

ఈ ఇంజనులో నాలుగు సిలిండర్లు ఒకే వరుసలో ఉండును. సిలిండర్ వ్యాసము 73.025 మి.మీ., పిస్టన్ నడక 88.9 మి.మీ. బ్లాకు, హెడ్డు రెండును పోత ఇనుముతో చేయబడినవి. కామ్ షాఫ్ట్ బ్లాకులో ఉండును. అది టాపెట్లను, పుష్ రాడ్లను, రాకర్లను కదిలించి హెడ్డులోని ఎనిమిది వాల్వులను తెరిపించును. బ్లాకు నుండి పైకి వచ్చిన పదకొండు స్టడ్లకు నట్లు బిగించుట ద్వారా హెడ్డు నిలుచును. వీటిలో నాలుగు నట్లు రాకర్ షాఫ్ట్ స్తంభాలను కూడా పట్టి ఉంచును. ఈ చిన్న విషయము విప్పునపుడు, బిగించునపుడు చాలా ముఖ్యమైనది.

హెడ్డులో రెండవ, మూడవ సిలిండర్ల ఎగ్జాస్టు వాల్వులు ప్రక్కప్రక్కనే ఉండి ఒకే ద్వారము గుండా పొగను వదలును. అందుచేత హెడ్డు మధ్యభాగము మిగిలిన భాగముల కంటె ఎక్కువగా వేడెక్కును. ఇంజను అతిగా వేడెక్కినపుడు హెడ్డు చీలుటకు ఎక్కువ అవకాశమున్న చోటు కూడా ఇదే.

గాస్కెట్ చేయు పని

హెడ్ గాస్కెట్ ఒకే సమయములో మూడు పనులు చేయును. మొదటిది, సిలిండరులో మండు వాయువును బయటకు పోకుండ ఆపుట. రెండవది, బ్లాకు నుండి హెడ్డులోనికి ప్రవహించు నీటిని దాని రంధ్రములలోనే ఉంచుట. మూడవది, రాకర్లకు పోవు నూనె మార్గమును కాపాడుట.

ఇందులో మొదటి పని అన్నిటికంటె కష్టమైనది. 73 మి.మీ. వ్యాసము గల సిలిండరు వైశాల్యము సుమారు 42 చదరపు సెంటీమీటర్లు. పెట్రోలు మండినపుడు పీడనము చదరపు సెంటీమీటరుకు 40 కిలోలు అనుకొన్నచో, ఆ ఒక్క సిలిండరే హెడ్డును 1,600 కిలోలకు మించిన బలముతో పైకి నెట్టును. నిమిషమునకు 3,000 చుట్లు తిరుగు ఇంజనులో ఒక్కొక్క సిలిండరులో ఇట్టి తాకిడి సెకనుకు 25 సార్లు కలుగును. ఈ తాకిడిని ఆపునది గాస్కెట్ ఒక్కటే కాదు. నట్ల బిగింపు వలన కలిగిన బలము గాస్కెట్ ను ఎంత సమముగా నొక్కి ఉంచినదో దానిని బట్టి ఆ అతుకు నిలుచును.

పాత కాలపు గాస్కెట్లు రెండు రాగి రేకుల నడుమ, లేక రాగి, ఉక్కు రేకుల నడుమ, ఆస్బెస్టాస్ పొరను ఉంచి చేయబడినవి. తరువాత కాలములో ఆస్బెస్టాస్ లేని మిశ్రమ పదార్థములు వచ్చినవి. సిలిండర్ రంధ్రముల అంచుల చుట్టు లోహపు కట్టు ఉండును. మంట నేరుగా తగులు భాగము అదియే.

చెడుటకు కారణములు

హెడ్ గాస్కెట్ తనంతట తాను చెడుట తక్కువ. సాధారణముగా ఈ క్రింది కారణములలో ఒకటి కనిపించును.

అతిగా వేడెక్కుట: ఇది ముఖ్య కారణము. వేడికి హెడ్డు వ్యాకోచించును గాని, స్టడ్లు దానిని పట్టి ఉంచుట వలన మధ్యలో వంగును. చల్లారిన తరువాత పూర్తిగా యథాస్థితికి రాకపోవచ్చును. రేడియేటర్ గొట్టములు పూడుకొనుట, ఫ్యాన్ బెల్టు వదులగుట, నీటి పంపు అరుగుట, థర్మోస్టాట్ మూసుకొని ఉండిపోవుట ఇందుకు దారితీయును. బోరు నీరు లవణములు ఎక్కువగా గల కఠిన జలమైన ప్రాంతములలో అదే నీటిని ఏళ్ళ తరబడి రేడియేటర్ లో పోయుట వలన లోపల గట్టి పొర ఏర్పడును. ఈ పొర వేడిని నీటికి అందనీయదు. మీటరులో వేడి కొంచెమే ఎక్కువగా కనిపించినను, హెడ్డులోని సన్నని దారులలో నీరు మరుగుచుండవచ్చును.

రేడియేటర్ మూత బలహీనపడుట: మూత లోపలి పీడనమును నిలుపును. పీడనము చదరపు అంగుళమునకు ఒక పౌండు పెరిగినచో నీరు మరుగు ఉష్ణోగ్రత ఒకటిన్నర డిగ్రీల సెల్సియస్ కు పైగా పెరుగును. మూతలోని స్ప్రింగు చెడినచో ఈ రక్షణ పోవును.

ఇగ్నిషన్ టైమింగ్ తప్పుట: నిప్పురవ్వ మరీ ముందుగా వచ్చినచో సిలిండరులో టకటకమను కొట్టుడు ధ్వని కలిగి, ఆ దెబ్బలకు గాస్కెట్ లోహపు కట్టు చెదరును. మరీ ఆలస్యమైనచో ఎగ్జాస్టు భాగము అతిగా వేడెక్కును.

బిగింపు లోపము: నట్లను క్రమము లేకుండ, లేదా అంచనాతో బిగించుట, కొత్త గాస్కెట్ వేసిన తరువాత మరల బిగించవలసిన పని మరచిపోవుట.

లక్షణములు

గాస్కెట్ ఏ చోట చెడినదో దానిని బట్టి లక్షణములు మారును.

రెండు సిలిండర్ల నడుమ కాలినచో ఇంజను శక్తి తగ్గును, ఊగుచు తిరుగును. ఒక్కొక్కప్పుడు కార్బురేటర్ లోనికి ఎదురు పేలుడు వచ్చును. నీరు, నూనె మాత్రము శుభ్రముగానే ఉండవచ్చును.

సిలిండరుకు, నీటి మార్గమునకు నడుమ కాలినచో మండిన వాయువు నీటిలో చేరి రేడియేటర్ లో బుడగలు వచ్చును. బయట ఎక్కడను కారుట కనిపించకయే నీరు తగ్గుచుండును. ఉదయము ఇంజను ప్రారంభించినపుడు సైలెన్సర్ నుండి తెల్లని ఆవిరి విడువక వచ్చును. ప్లగ్గులు విప్పి చూచినపుడు ఒక్క ప్లగ్గు మాత్రము ఆవిరితో కడిగినట్లు శుభ్రముగా కనిపించును. రాత్రంతయు నిలిపిన కారులో నీరు సిలిండరులోనికి చేరినచో ప్రమాదము ఎక్కువ. నీరు సంపీడనము చెందదు కావున, సెల్ఫ్ కొట్టిన వెంటనే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చును.

నీటికి, నూనెకు నడుమ చెడినచో నూనె పాలు కలిపిన కాఫీ రంగులోనికి మారును. ఇట్టి నూనెతో ఇంజనును నడుపరాదు. నీరు కలిసిన నూనె బేరింగులకు కందెనగా పనిచేయదు.

ఈ లక్షణములలో ఏ ఒక్కటి కూడ తనంతట తాను రుజువు కాదు. తక్కువ దూరములు మాత్రమే తిరుగు కారులో గాలిలోని తేమ చేరి, నూనె పోయు మూత క్రింద తెల్లని నురుగు ఏర్పడుట సహజము. చల్లని ఉదయమున కొద్దిసేపు కనిపించు ఆవిరి కూడ దోషము కాదు. అట్లే హెడ్డు గాని, బ్లాకు గాని చీలినను పైన చెప్పిన లక్షణములే కనిపించును.

నిర్ధారణ పరీక్షలు

హెడ్డు విప్పుటకు ముందే దోషమును నిర్ధారించుకొనుట వలన అనవసరపు శ్రమ తప్పును.

కంప్రెషన్ పరీక్ష: ఇంజను వేడిగా ఉండగా నాలుగు ప్లగ్గులను తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి, సెల్ఫ్ తో తిప్పుచు ఒక్కొక్క సిలిండరులో పీడనమును గేజ్ తో కొలుతురు. ప్రక్కప్రక్కన ఉన్న రెండు సిలిండర్లలో మాత్రమే పీడనము బాగా తగ్గియున్నచో వాటి నడుమ గాస్కెట్ కాలినదని అనుమానింపవచ్చును. ఒక్క సిలిండరులోనే తగ్గినచో ఆ రంధ్రములో కొద్దిగా నూనె పోసి మరల కొలువవలెను. అప్పుడు పీడనము పెరిగినచో దోషము రింగులలో ఉన్నది. పెరగనిచో వాల్వులో గాని, గాస్కెట్ లో గాని ఉన్నది.

నీటి వ్యవస్థ పీడన పరీక్ష: చల్లని ఇంజనుకు రేడియేటర్ మూత స్థానములో చేతి పంపు బిగించి, మూతపై ముద్రించిన పీడనము వరకు గాలి ఎక్కింతురు. బయట కారుట లేకయే ముల్లు పడిపోవుచున్నచో నీరు లోపలికి పోవుచున్నది.

రసాయన పరీక్ష: రేడియేటర్ నోటి వద్ద గాలిని ఒక నీలి ద్రవము గుండా పీల్తురు. మండిన వాయువులోని కార్బన్ డయాక్సైడ్ తగిలినచో ద్రవము పసుపు రంగులోనికి మారును.

హెడ్డును విప్పుట

ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే పని ప్రారంభించవలెను. వేడి హెడ్డును విప్పినచో అది వంకరపోవు అవకాశమున్నది.

మొదట బ్యాటరీ తీగ తీసివేసి, రేడియేటర్, బ్లాకులలోని నీటిని పూర్తిగా వదలవలెను. ఈ ఇంజనులో రాకర్ స్తంభాల నట్లను మాత్రమే విప్పుటకు కూడ ఈ నియమము వర్తించును. నాలుగు నట్లు రాకర్లకు, హెడ్డుకు ఉమ్మడివి కావున, వాటిని మాత్రమే వదులు చేసినచో హెడ్డు ఒక ప్రక్క తేలి వంకరపోవును. నీరు సిలిండర్లలోనికి, నూనె చాంబరులోనికి దిగును. కావున నీరు వదలిన పిమ్మట పదకొండు నట్లను కలిపియే, కొద్దికొద్దిగా వదులు చేయవలెను.

తరువాత ఎయిర్ క్లీనర్, కార్బురేటర్, మానిఫోల్డ్, పై నీటి గొట్టము, ప్లగ్గు తీగలు, రాకర్ మూత తీయవలెను. ప్లగ్గు తీగలకు 1, 2, 3, 4 అని గుర్తులు పెట్టుట మంచిది. నట్లను బయటి అంచుల నుండి మధ్యకు, ఒక్కొక్కటి పావు చుట్టు చొప్పున, పలు దఫాలుగా వదులు చేయవలెను. రాకర్ షాఫ్ట్ ను స్తంభాలతో సహా పైకి ఎత్తిన పిమ్మట పుష్ రాడ్లను తీయవలెను. ప్రతి పుష్ రాడ్ ను కొద్దిగా తిప్పి లాగినచో నూనె జిగురుకు అంటుకొన్న టాపెట్ దానితో పాటు పైకి రాదు. ఒక అట్టకు ఎనిమిది రంధ్రములు చేసి, ఏ పుష్ రాడ్ ఏ చోటిదో ఆ వరుసలోనే గుచ్చి ఉంచవలెను. చాలాకాలము కలిసి అరిగిన భాగములను మార్చి పెట్టరాదు.

హెడ్డు అంటుకొని రానిచో స్క్రూడ్రైవర్ ను గాని, ఉలిని గాని సందులో దూర్చి ఎత్తరాదు. అట్లు చేసినచో సమతలముపై పడిన గీత ద్వారా కొత్త గాస్కెట్ కూడ కారును. కొయ్య సుత్తితో ప్రక్కల తట్టి కదిలించవలెను. పోత ఇనుప హెడ్డు బరువైనది కావున ఇద్దరు మనుషులు నిటారుగా పైకి ఎత్తుట మేలు.

శుభ్రపరచుట, సమతలము పరీక్ష

పాత గాస్కెట్ ను గోకునపుడు అందులో ఆస్బెస్టాస్ ఉన్నదనియే భావించి జాగ్రత్త పడవలెను. ఈ ధూళి ఊపిరితిత్తులకు తీరని హాని చేయును. గాస్కెట్ ముక్కలను నీటితో తడిపి, చేతితో నెమ్మదిగా గోకి, తడిగానే సంచిలో మూట కట్టవలెను. గాలి గొట్టముతో ఊదుట, పొడిగా బ్రష్ తో రుద్దుట, తిరుగు తీగ బ్రష్ వాడుట చేయరాదు.

సిలిండర్లలోను, నీటి రంధ్రములలోను శుభ్రమైన గుడ్డలు కుక్కి, గోకిన మసి లోపల పడకుండ చూడవలెను. తీసిన పాత గాస్కెట్ ను వెంటనే పారవేయరాదు. ఏ చోట నల్లగా కాలినదో, ఏ చోట నీటి తుప్పు జాడ ఉన్నదో చూచినచో దోషము ఎక్కడ మొదలైనదో తెలియును.

హెడ్డు సమతలమును సరళమైన ఉక్కు బద్దతోను, ఫీలర్ గేజ్ తోను కొలుతురు. బద్దను హెడ్డు నిడివి పొడవున, అడ్డముగ, రెండు కర్ణముల వెంట ఉంచి, బద్ద క్రింద ఎంత మందము గల గేజ్ రేకు దూరునో చూడవలెను. తయారీదారు ఇచ్చిన పరిమితి ప్రమాణము. ఇట్టి ఇంజన్లలో సాధారణముగా 0.10 మి.మీ. (0.004 అంగుళము) దాటిన వంపును అనుమతించరు. అంతకు మించినచో లేత్ వర్క్ షాపులో హెడ్డుకు ఫేసింగ్ చేయించవలెను. ఫేసింగులో అవసరమైనంత లోహమునే తీయవలెను. ఎక్కువ తీసినచో సంపీడన నిష్పత్తి పెరిగి ఇంజను కొట్టుకొనును. బ్లాకు పై తలమును కూడ ఇదే విధముగ కొలువవలెను. ఈ కొలతకు కొద్ది నిమిషములే పట్టును గాని, దీనిని వదలివేయుట వలననే మరల మరల గాస్కెట్ కాలుట జరుగును.

రెండవ, మూడవ సిలిండర్ల ఎగ్జాస్టు వాల్వు పీఠముల నడుమ చీలిక ఉన్నదేమో ప్రత్యేకముగ చూడవలెను. హెడ్డు విప్పి ఉన్నపుడే మసి తీయుట, వాల్వులను పీఠములకు రుద్ది సరిచేయుట వాడుక. భారతదేశములో 2000 ఫిబ్రవరి నుండి సీసము లేని పెట్రోలు మాత్రమే అమ్మకములో ఉన్నది. పాత పెట్రోలులోని సీసము వాల్వు పీఠములకు అరుగుదల నుండి కొంత రక్షణ ఇచ్చెడిది. ఇనుములోనే నేరుగా కోసిన పాత పీఠములు అరిగినచో గట్టి లోహపు ఎగ్జాస్టు పీఠములను అమర్చుటకు ఇదియే తగిన సమయము.

గాస్కెట్ అమరిక

స్టడ్ల మరలు శుభ్రము చేసి, సాగినవి, మర చెడినవి మార్చవలెను. స్టడ్డు రంధ్రములో నీరు గాని, నూనె గాని నిలిచియున్నచో స్టడ్డు దిగునపుడు ఆ ద్రవము తప్పుకొను దారి లేక బ్లాకు పగులవచ్చును. కావున రంధ్రములను ఆరబెట్టవలెను. స్టడ్డు చుట్టు మర వద్ద బ్లాకు లోహము ఉబ్బియున్నచో దానిని సమము చేయవలెను.

ఈ శ్రేణి గాస్కెట్లపై ఏది పై వైపో, ఏది ముందు వైపో తెలుపు గుర్తులు ముద్రించబడి ఉండును. తిరగవేసి పెట్టినచో కొన్ని నీటి రంధ్రములు మూసుకొనిపోవును. గాస్కెట్ ను స్టడ్లపై ఉంచి ప్రతి రంధ్రము సరిపోయినదో లేదో చూడవలెను. షెల్లాక్, పెయింట్, జిగురు పూయు అలవాటు పాత షెడ్లలో ఉన్నది. గాస్కెట్ తయారీదారు చెప్పినచో తప్ప ఏదియు పూయరాదు. ఒకసారి నలిగిన గాస్కెట్ ను మరల వాడరాదు.

నట్ల బిగింపు

నట్టును తిప్పు బలమును టార్క్ అందురు. మెకానిక్కు చేతికి తెలియునది టార్క్, గాస్కెట్ కు కావలసినది నొక్కుడు బలము. ఈ రెండును ఒకటి కావు. టార్క్ లో సుమారు సగము నట్టు క్రింది రాపిడికి, నలభై శాతము మరల రాపిడికి పోవును. మిగిలిన పదవ వంతు మాత్రమే స్టడ్డును సాగదీసి హెడ్డును నొక్కును. అందుచేత మరలో కొద్ది తుప్పు, లేక మట్టి ఉన్నను నొక్కుడు బలము చాలా తగ్గిపోవును, టార్క్ రెంచి మాత్రము సరియైన సంఖ్యనే చూపును. మరలను శుభ్రపరచుట ఇందుకే ముఖ్యము. మరలకు నూనె పూయవలెనా, పొడిగా ఉంచవలెనా అను విషయములో కూడ కరదీపికను అనుసరింపవలెను. పొడి మరలకు ఇచ్చిన సంఖ్యను నూనె మరలపై వాడినచో స్టడ్డు మితిమీరి సాగును.

ఇదే బి-శ్రేణిలోని 1798 ఘ.సెం.మీ. ఇంజను గల ఎం.జి.బి. కారు కరదీపికలో హెడ్డు నట్లకు 45 నుండి 50 పౌండ్-అడుగులు (6.2 నుండి 6.9 కిలోగ్రాం-మీటర్లు) టార్క్ ఇవ్వబడినది. 45 పౌండ్-అడుగుల బిగింపుకు, అంగుళములో మూడెనిమిదవ వంతు వ్యాసము గల స్టడ్డు ఒక్కొక్కటి సుమారు మూడు టన్నుల బలముతో హెడ్డును నొక్కునని లెక్క. అంబాసిడర్ ఇంజనుకు ఆయా మోడల్ కరదీపికలోని సంఖ్యనే వాడవలెను. 1990లలో వచ్చిన ఇసుజు 1.8 లీటర్ ఇంజను అంబాసిడర్లకు, డీజిల్ అంబాసిడర్లకు ఈ సంఖ్యలు వర్తించవు.

క్రమము: బిగింపు ఎల్లప్పుడు హెడ్డు మధ్య నుండి మొదలై ఇరువైపులకు మార్చి మార్చి అంచులకు పోవలెను. గోడకు కాగితము అంటించునపుడు మధ్య నుండి అంచులకు అదిమినట్లు, ఈ క్రమములో గాస్కెట్ సమముగా పరచుకొనును. అంచులను ముందు బిగించినచో మధ్యలో మిగిలిన ఉబ్బు పోవుటకు దారి ఉండదు. రాకర్ స్తంభాలను పుష్ రాడ్లు కప్పులలో సరిగా కూర్చున్నవో లేదో చూచి అమర్చిన పిమ్మటనే పదకొండు నట్లను కలిపి ఈ క్రమములో బిగించవలెను.

దఫాలు: మొదట అన్ని నట్లను చేతితో ఆనించవలెను. తరువాత కావలసిన టార్క్ లో సుమారు సగము, పిదప నాలుగింట మూడు వంతులు, చివర పూర్తి టార్క్ చొప్పున మూడు దఫాలుగా, ప్రతి దఫా మొదటి నట్టు నుండి చివరి నట్టు వరకు పోవలెను. రెంచిని కుదుపు లేకుండ, నిలకడగా లాగవలెను. పానాకు గొట్టము తొడిగి బలముకొలది లాగుట బిగింపు కాదు. అనుభవజ్ఞుల చేతి అంచనా కూడ పదకొండు నట్లకు సమముగా రాదు. ఒక్క నట్టు ఎక్కువ బిగిసినచో ప్రక్క నట్టు వద్ద గాస్కెట్ వదులగును. స్తంభాలకు మాత్రమే చెందిన చిన్న నట్లకు టార్క్ తక్కువ. ఎం.జి.బి. కరదీపికలో ఇది 25 పౌండ్-అడుగులు.

వాల్వుల సందు

హెడ్డు బిగించిన పిమ్మట వాల్వు కాండమునకు, రాకర్ కు నడుమ సందును సరిచేయవలెను. ఈ శ్రేణి ఇంజన్లలో సాధారణముగ ఇది 0.015 అంగుళము (0.38 మి.మీ.). ఇందుకు మెకానిక్కులు తొమ్మిది లెక్కను వాడుదురు. వాల్వులను ముందు నుండి వెనుకకు 1 నుండి 8 వరకు లెక్కించి, ఏ వాల్వు పూర్తిగా తెరచుకొన్నదో ఆ సంఖ్యను తొమ్మిది నుండి తీసివేసినచో, సరిచేయవలసిన వాల్వు సంఖ్య వచ్చును.

8వ వాల్వు తెరచుకొన్నపుడు 1వ వాల్వు
6వ వాల్వు తెరచుకొన్నపుడు 3వ వాల్వు
4వ వాల్వు తెరచుకొన్నపుడు 5వ వాల్వు
7వ వాల్వు తెరచుకొన్నపుడు 2వ వాల్వు
1వ వాల్వు తెరచుకొన్నపుడు 8వ వాల్వు
3వ వాల్వు తెరచుకొన్నపుడు 6వ వాల్వు
5వ వాల్వు తెరచుకొన్నపుడు 4వ వాల్వు
2వ వాల్వు తెరచుకొన్నపుడు 7వ వాల్వు

మొదటి నడక, మరల బిగింపు

నూనెలో నీరు కలిసియున్నచో ఇంజనును ప్రారంభించుటకు ముందే పాత నూనెను, ఫిల్టరును మార్చవలెను. కొద్ది దినములు నడచిన పిమ్మట మరల ఒకసారి మార్చుట మంచిది. రేడియేటర్ లో నీటిని నెమ్మదిగా పోసి, లోపల గాలి నిలువకుండ చూడవలెను. ఇంజను వేడెక్కి థర్మోస్టాట్ తెరచుకొను వరకు ప్రక్కనే ఉండి నీటి మట్టమును, కారుటను గమనించవలెను.

రాగి, ఆస్బెస్టాస్ గాస్కెట్లు, పాత రకపు మిశ్రమ గాస్కెట్లు వేడికి మరికొంత నలుగును. దానితో నట్ల బిగింపు తగ్గును. అందుచేత కొన్ని వందల కిలోమీటర్లు నడచిన తరువాత నట్లను మరల బిగించుట అవసరము. ఇది వేడిగానా, చల్లారిన తరువాతనా అనునది గాస్కెట్ తో వచ్చిన సూచనను బట్టి చేయవలెను. నిలిచిపోయిన నట్టుపై రెంచి పెట్టి లాగినచో రాపిడి వలన నట్టు కదలక మునుపే రెంచి పూర్తి టార్క్ చూపవచ్చును. కావున మొదటి క్రమములోనే, ఒక్కొక్క నట్టును కొద్దిగా వదులు చేసి వెంటనే పూర్తి టార్క్ కు బిగించి తరువాతి నట్టుకు పోవలెను. అన్ని నట్లను ఒకేసారి వదులు చేయరాదు. హెడ్డు దిగినచో వాల్వుల సందు తగ్గును గనుక దానిని కూడ మరల చూడవలెను.

సాధారణ పొరపాట్లు

కారుచున్న గాస్కెట్ కు నట్లను మరింత బిగించుట చికిత్స కాదు. కాలిన లోహపు కట్టు బిగింపు వలన తిరిగి రాదు.

రేడియేటర్ కారుటను ఆపుటకు పసుపు గాని, బజారులో దొరకు పొడులు గాని వేయుట మన ప్రాంతములో ఉన్న అలవాటు. మంట పీడనమును అవి ఆపలేవు. పైగా సన్నని నీటి దారులను పూడ్చి వేడిని పెంచును.

వేడి తగ్గునని థర్మోస్టాట్ ను తీసివేయుట అసలు కారణమును దాచును. పూడిన రేడియేటర్ పూడినట్లే ఉండును.

దారిలో ఇంజను మరిగినపుడు వెంటనే మూత తీసినచో ఆవిరి చిమ్మి ముఖము, చేతులు కాలును. కాగిన ఇనుముపై చల్లని నీరు ఒక్కసారిగా పోసినచో హెడ్డు గాని, బ్లాకు గాని పగులవచ్చును. కారును నీడలో ఆపి, ఇంజనును నిలిపి, పూర్తిగా చల్లారిన తరువాతనే నీరు పోయవలెను. చల్లారుటకు పట్టు ఆ గంట సమయమును ఓర్చుకొనక మరికొన్ని కిలోమీటర్లు నడుపుట వలననే గాస్కెట్ తో పోవలసిన నష్టము హెడ్డు వరకు, పిస్టన్ల వరకు పోవును.

ఆధునిక ఇంజన్లతో తేడా

నేటి కార్లలో హెడ్డు అల్యూమినియంతోను, గాస్కెట్ పలు ఉక్కు రేకుల పొరలతోను చేయబడుట సాధారణము. చాలా ఇంజన్లలో బోల్టులను కొంత టార్క్ వరకు బిగించి, అటుపై నిర్ణీత కోణము మేర తిప్పుదురు. అట్లు సాగిన బోల్టులను తయారీదారు సూచన మేరకు మరల వాడక కొత్తవి వేయుదురు. మరల బిగించు పని వీటికి సాధారణముగ ఉండదు. అందుచేత పాత అంబాసిడర్ పద్ధతిని కొత్త కారుకు గాని, కొత్త కారు పద్ధతిని అంబాసిడర్ కు గాని వాడరాదు. అయినను తలముల శుభ్రత, సమతలము, మధ్య నుండి అంచులకు బిగింపు, మొదటి కారణమును సరిచేయుట అను నాలుగు నియమములు రెండింటికిని సమానమే.

ఇవి కూడా చూడండి

అంబాసిడర్ కారు
అంతర్దహన యంత్రము
కార్బురేటర్
రేడియేటర్